మొహమాటం మొక్క

పొద్దున్నే ఆకులు కోసి తేవాలి. కడిగి, తరిగి, రెండు వాటాలు చెయ్యాలి. ఒక వాటా నీళ్ళలో ఉడకాలి, రెండో వాటా స్పిరిట్‌లో నానాలి. ఆకులో ఉన్న గుణాల్లో కొన్ని నీళ్ళకి దిగుతాయి, కొన్ని స్పిరిట్‌కి తప్ప దిగవు. ఏది దేనికి దిగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి రెండూ చేసి చూడాల్సిందే. అక్వాపిమ్ కొండ మీది మూలికల పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఒఫేబియా ఉద్యోగంలో చేరిన నాటినుంచి చేస్తున్న పని ఇదే. విసుగు పుట్టదా అని ఎవరైనా అడిగితే, రోజూ ఎవరో కొత్తవాళ్ళతో మాట కలిపినట్టుంటుంది, విసుగెందుకు అనేది.

వడగట్టిన రసాన్ని ఆవిరి పట్టి, గిన్నె అడుగున మిగిలిన జిగురుని గీకి సీసాల్లో పెడతారు. దాన్ని ఎలుకలకి పోసి చూస్తారు. ఎలుకల గది లార్బిది. నియమం ప్రకారం ఎలుకలకి నంబర్లే ఉండాలి గాని, లార్బి ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకునేవాడు. నంబరు పెట్టి పిలిస్తే ఏ ప్రాణి పలుకుతుంది డాక్టరమ్మా అని అతని వాదన.

గిన్నెలు కడిగిన నీళ్ళు గోడ వెనక కాలవలో పడతాయి. మా కొండ మీద మొలిచే ప్రతి ఆకూ ఏదో ఒకనాడు ఆ గిన్నెల్లో ఉడికిందే, దాని కడుగునీళ్ళు ఆ కాలవలోకి పోయినవే. ఆ నీళ్ళు తాగి ఒక ఏడాది కాలవ గట్టున ఒక మొక్క లేచింది. నడుమెత్తు పెరిగింది. ఎవరు చూసినా వాళ్ళ ఇంటి దగ్గరి ఏదో ఆకులాగే కనిపించేది. తోటలో ప్రతి మొక్క పక్కనా రేకు ముక్క మీద పేరు రాసి గుచ్చుతారు. దీనికీ రేకు గుచ్చారు గాని, పేరు తేలాక రాద్దాంలే అని ఖాళీగా వదిలేశారు. ఎలుకలకి పేర్లు పెట్టే లార్బికి కూడా దీనికి ఒక పేరు పెట్టాలని తోచలేదు.

ఆ మొక్కకి మొహమాటం ఎక్కువ. ఎవరు ఏం కోరి వచ్చినా కాదనేది కాదు.

ఒఫేబియా దాని ఆకు తెచ్చి, చక్కెర వ్యాధికి పనికొస్తే ఎంత బాగుండును అనుకుంటూ ఎలుకలకి పోసింది. ఎలుకల నెత్తుట్లో చక్కెర దిగింది. కేప్ కోస్ట్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని పాము విషానికి విరుగుడు వెతుకుతోంది. ఆమె చూస్తే విషం విరిగింది. కుమాసి నుంచి ఒక ప్రొఫెసరుగారు ఈ కొండవాళ్ళ మాటలన్నీ వట్టి కోతలని తేల్చడానికే పనిగట్టుకుని వచ్చారు. ఆయన చేతిలో అది వట్టి గడ్డి అయి కూర్చుంది. ఆయన్నీ నొప్పించలేదన్నమాట. ఊళ్ళో ఆడవాళ్ళు జుట్టు పెరగాలని రాసుకుంటే పెరిగింది. బడి ఫుట్‌బాల్ కోచ్ ఆకు నలిపి గోలు కర్రలకి రుద్దితే ఆ సీజనంతా అవతలివాళ్ళ బంతి ఒక్కటీ లోపలికి పోలేదు.

ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. కొందరు పిల్లలు అలాగే పుడతారు, అడిగిందల్లా సరేనంటారు. ఈ మొక్కా అంతే అనుకున్నారు. డైరెక్టరుగారు మాత్రం దీంతో టీ పొడి చేసి దేశమంతా అమ్మించాలని ఆకు బొమ్మ వేసిన అట్టపెట్టెలు కూడా చేయించారు.

ఒఫేబియాకి ఇబ్బందల్లా ఒకటే. అన్నిటికీ అవునన్న సాక్షిని నమ్మేదెలా? ఏ ఎలుకకి మందు పోశారో, ఏ ఎలుకకి ఉత్త నీళ్ళు పోశారో తనకే తెలియకుండా గుర్తులు దాచి చూసింది. లాభం లేకపోయింది. తన మనసులో ఆశ ఉండగా గుర్తులు దాచి ఏం ప్రయోజనం? లార్బిని చెయ్యమంది.

"ఏ ఆశా పెట్టుకోకుండా పొయ్యి లార్బీ."

"ఆశ లేకుండా మందెలా పోస్తానమ్మా? ఆ మొహాలు చూడండి, ఎంత ఆశగా చూస్తున్నాయో."

చివరికి ఏమీ పట్టని మనిషి కావాలని గేటు దగ్గరి వాచ్‌మన్‌ని పిలిచి సీసా చేతికిచ్చింది. ఆయనకి ఆ పని తొందరగా అయిపోయి భోజనానికి పోతే చాలని ఉంది. సాయంత్రం దాకా పట్టాల్సిన పరీక్ష భోజనాల వేళకే ముగిసింది.

ఇది ఇక్కడితో ఆగిపోతే నవ్వుకోవడానికి పనికొచ్చే ముచ్చటే. కాని ఒఫేబియాకి ఒక అన్న ఉన్నాడు.

ఒబువోబి ట్రోట్రో నడుపుతాడు. కొండ మీది మా ఊరికీ కింద ఉన్న అక్రా పట్నానికీ మధ్య జనాన్ని కుక్కి తిప్పే పాత వ్యాను అది. వెనక అద్దం మీద "తొందరేం లేదు" అని పసుపు అక్షరాలు. ఆ మాట నిజమేనని వెనక వచ్చే బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి మరీ ఒప్పుకునేవారు. తండ్రి పోయాక చెల్లెల్ని చదివించింది ఆ వ్యానే. చక్కెర వ్యాధి వచ్చి ఏళ్ళయింది. రోజూ కడుపుకి సూది పొడుచుకునేవాడు. కుడికాలి వేళ్ళ సందున పుండు పడి మానకుండా ఉంది. అది బ్రేకు కాలు.

చెల్లెలి మొక్క సంగతి విని ఒకరోజు కాలవ గట్టుకి వచ్చి నాలుగాకులు నమిలాడు. మర్నాడు మిషన్‌లో చూస్తే చక్కెర పెళ్ళికొడుకులా బుద్ధిగా ఉంది. అప్పటినుంచి రోజూ ట్రిప్పుకి ముందు వచ్చి నమలడం అలవాటైంది. సూది మానొద్దని ఒఫేబియా చెప్పింది. చెప్పింది గాని, గట్టిగా చెప్పలేదు. ఆ అంకె చూసిన ప్రతిసారీ ఆమె కళ్ళు కూడా మెరిసేవి. అన్నకి తన ఆకుతోనే నయం కావాలని ఏ చెల్లెలికి ఉండదు? ఒకనాటికి సూది అటకెక్కింది.

ఎలుకల గదిలో "మేనేజరు" అని ఒక ఎలుక ఉండేది. బొజ్జ, మీసాలు, పక్కవాళ్ళ తిండి మీద ఒక కన్ను. లార్బికి ముద్దుబిడ్డ. ఆ వారం దాని చక్కెర అంకెలు అన్నిటికంటే బాగున్నాయి. ఒక పొద్దున చూస్తే బోను మూల చచ్చి పడి ఉంది. ఒఫేబియా కోసి చూసింది. మూత్రపిండాలు పాడైపోయాయి. కాలి వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి. చచ్చిన తర్వాత తీసిన ఒక్క చుక్కలో కూడా మిషను మంచి అంకే చూపించింది.

"అన్నీ బాగుండి ఎలా పోయింది డాక్టరమ్మా?" అన్నాడు లార్బి. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అన్నీ బాగున్నాయని మనం అడిగాం లార్బీ. అది అవునంది."

ఆమె కోటు కూడా విప్పకుండా బస్టాండుకి నడిచింది. ఒబువోబి వ్యాను పక్కన స్టూలు మీద కూర్చుని కెంకే అనే మొక్కజొన్న ముద్ద విప్పుకుని వేయించిన చేపతో తింటున్నాడు. కాలికి కట్టు, కట్టు మీద ప్లాస్టిక్ సంచి.

"అన్నయ్యా, కట్టు విప్పు."

"తింటున్నానే. నీ కంపు పనులు తర్వాత."

"నొప్పిగా ఉందా?"

"అసలు లేదు. ఏడాదై అసలు నొప్పన్నదే లేదు. మొన్న మేకు గుచ్చుకుంటే ఇంటికొచ్చి చెప్పు విప్పాక చూశాను. అంత బాగైంది."

ఒఫేబియా అక్కడే కింద కూర్చుని కట్టు విప్పింది. చిటికెన వేలు, దాని పక్క వేలు మేనేజరు కాలివేళ్ళ రంగులో ఉన్నాయి.

"పెద్దాసుపత్రికి పోదాం. ఇవాళే."

"పోతే కాలు తీసేస్తారు. మన క్లీనరు మామయ్యకి ఏమైంది? వేలుకని పోయి మోకాలు దాకా ఇచ్చొచ్చాడు." ఒబువోబి చెయ్యి కడుక్కుని మిషను తీశాడు. వేలు పొడిచి చుక్క పెట్టాడు. "చూడు. నువ్వే చూడు, డాక్టరువి. ఏమంటోంది?"

మంచి అంకె అంటోంది. ఒఫేబియా ఇంకో వేలు పొడిచి తన సంచిలోని మిషన్‌లో తనే చూసింది. ఎక్కువ రావాలి, నిజం రావాలి అనుకుంటూ చూసింది. కాని మనసు మన మాట వింటుందా? లోపల్లోపల అన్నకి ఏమీ కాకూడదనే ఉంది. ఇందులోనూ మంచి అంకే వచ్చింది. ఆకు అతని నెత్తుట్లో ఉంది. కడుపులో ఉన్నది మొహమాటమైతే మిషన్లేం చేస్తాయి? మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ చెప్పను.

"మనవరాలి పేరు పెట్టే పండగ ఈ ఆదివారం. తాతని నేను. నేను లేకుండా ఎవరు నడిపిస్తారు?" అన్నాడు ఒబువోబి. "అదయ్యాక చూద్దాంలే."

ఆ మాట మీద ఆమె ఆగింది. ఆ నాలుగు రోజులూ అన్నం సయించలేదు.

మా వైపు పుట్టిన బిడ్డని వారం దాకా బిడ్డ అనరు. చుట్టం అంటారు. ఉండటానికి వచ్చిందో, చూసి పోవటానికి వచ్చిందో తెలియదు కదా. ఎనిమిదోనాడు తెల్లవారుజామున తెల్లబట్టలు కట్టుకుని అందరూ వాకిట్లో చేరతారు. ఇంట్లో పెద్దవాడు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నాలుక మీద ఒక చుక్క నీళ్ళు వేస్తాడు, ఒక చుక్క సారా వేస్తాడు. నీళ్ళయితే నీళ్ళని చెప్పు, సారా అయితే సారా అని చెప్పు అంటాడు. అప్పుడు పేరు పెడతారు. ఆ పూటతో చుట్టరికం తీరి బిడ్డ ఇంటి మనిషి అవుతుంది, నిజం చెప్పాల్సిన బాధ్యత నెత్తిన పడుతుంది.

ఒఫేబియా ఎన్నో పండగలు చూసింది. ఆ ఆదివారం మాత్రం ఇంట్లో అందరికంటే పెద్దవాడైన చినతాత వేలి చివర నీళ్ళ చుక్క, ఆ తర్వాత సారా చుక్క బిడ్డ నాలుక మీద పడటం, సారా తగలగానే ఆ చిన్న మొహం ముడుచుకోవడం చూసి కదలకుండా నిలబడిపోయింది. నీళ్ళు, సారా. తను పొద్దున లేస్తే ప్రతి ఆకు మీదా పోసేవి ఆ రెండే. పోసి నువ్వెవరు అని అడిగేవి ఆ రెండే. ఈ ఒక్క మొక్కకీ ఎవరూ పేరు పెట్టలేదు. కాలవ గట్టున ఇంకా చుట్టంలాగే ఉంది. చుట్టం ఇంటివాళ్ళు ఏది పెడితే అది బాగుందనక ఏం చేస్తుంది?

పక్కనే నుంచున్న లార్బి చెవిలో చెప్పింది.

లార్బి నాలుక కరుచుకున్నాడు. "మన తప్పే డాక్టరమ్మా. రేకు కూడా ఖాళీగా ఉంచాం. పాపం ఎంత చిన్నబుచ్చుకుందో."

డైరెక్టరుగారు వద్దన్నారు. ఆయన వద్దనడం కూడా సబబుగానే వద్దన్నారు.

"ఒఫేబియా, ఇప్పుడు దాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పమంటావు. అది నేనెందుకూ పనికిరానంటే? నీ ఇన్నాళ్ళ పని ఏమవుతుంది? ఆ పెట్టెలు ఏం చెయ్యను?"

"పనికిరానంటే పనికిరాదని తెలుస్తుంది కదా సార్."

"అది తెలుసుకోడానికా ఇంత తొందర?"

ఆమెకీ భయంగానే ఉంది. ఆ ఆకు మీద అచ్చు వేయించిన ఫలితాల వల్ల ఆమె పేరు నాలుగు దేశాల్లో తెలిసింది. అంతకంటే పెద్ద భయం, అన్న ఆశంతా ఆ ఆకు మీదే నిలబడి ఉంది, అది తియ్యబోయేది తన చెయ్యే. కాని తియ్యకపోతే ఏమవుతుందో బోను మూల చూసింది. పండగ అయ్యాక కూడా, నొప్పే లేనప్పుడు ఆసుపత్రెందుకని అన్న కదల్లేదు.

ఇక చిక్కు ఒకటి మిగిలింది. చుక్కలు ఎవరు వెయ్యాలి? ఎవరి వేలితో వేస్తే బిడ్డకి వాళ్ళ బుద్ధే వస్తుందంటారు. నిజం తప్ప మాట్లాడని మనిషి కావాలి. కేంద్రంలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకుని ఒఫేబియా, లార్బి మొహమొహాలు చూసుకున్నారు.

"మీరే వెయ్యండమ్మా."

"అన్నయ్యకి నొప్పి లేదంటే నిజమేననుకున్నదాన్ని. నాదేం వేలు?"

ఇద్దరికీ ఒకేసారి డొకువా పెద్దమ్మ గుర్తొచ్చింది.

డొకువా పెద్దమ్మ పాత మంత్రసాని. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆ చేతులే. కాని ఏళ్ళ తరబడి ఆమెని ఏ పేరు పెట్టే పండగకీ పిలవడం లేదు. పెళ్ళికూతురి బట్టలు కుదరలేదని పెళ్ళిలోనే చెప్పేది. పాస్టరుగారి ప్రసంగం సగం దగ్గర ఆగి ఉంటే బాగుండేదని గుడి మెట్ల మీద చెప్పేది. బిడ్డ ఎవరి పోలిక పెద్దమ్మా అని కొత్త తండ్రులు మురిపెంగా అడిగితే, బిడ్డని దీపం దగ్గరికి పట్టుకెళ్ళి బాగా చూసి ఎవరి పోలికో చెప్పేది. అలా రెండు కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళాయి.

ఒఫేబియా వెళ్ళేసరికి పెద్దమ్మ వాకిట్లో వేరుశనగ కాయలు వలుస్తోంది.

"ఏంటమ్మాయ్, లావెక్కావు."

"అవును పెద్దమ్మా. ఒక పని మీద వచ్చాను."

అంతా విని పెద్దమ్మ నాలుగు కాయలు వలిచింది. "మనుషుల పండగలకి మానేశారు, మొక్కల పండగకా పిలుస్తున్నావు?"

"అవును."

"మర్యాదకైనా కాదనలేదు చూడు. సరే, వస్తాను. పేరు కూడా నాదే పెట్టాలి. నా పేరు పెట్టుకుని అది అబద్ధమాడితే వేళ్ళతో సహా పీకేస్తాను."

మొక్క ఏ వారం మొలిచిందో తెలిస్తే గాని మా పద్ధతిలో పూర్తి పేరు రాదు. ఎవరూ చూడలేదు. శనివారమే అయి ఉండాలని లార్బి పట్టుబట్టాడు. తను ఒక్కడే పనికి వచ్చే రోజు అదే, మిగతా రోజుల్లో అయితే పదిమందిలో ఎవరో ఒకరు తొక్కేసేవారని. అది కాదనడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. శనివారం ఆడపిల్ల కాబట్టి అమా. పెద్దమ్మ పేరు కలిపితే అమా డొకువా.

ఆ శనివారం తెల్లవారుజామున కొండ మీద మంచు దట్టంగా ఉంది. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. లార్బి పంచె కట్టుకుని, బిడ్డకి కానుకగా ఒక బుట్టెడు కోళ్ళ ఎరువు తెచ్చాడు. డైరెక్టరుగారు వచ్చి దూరంగా నిలబడ్డారు. ఒబువోబి తన వ్యానులో పెద్దమ్మని ఎక్కించుకుని తీసుకొచ్చాడు. మొక్క అంటే అతనికీ అభిమానమే. దారిపొడుగునా పెద్దమ్మ అతని డ్రైవింగు గురించి చెప్పినదంతా నిజమేనని, కాని ఒకేసారి అంత నిజం వినడం కష్టమని దిగుతూ చెల్లెలితో అన్నాడు.

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. లేత చిగురుని రెండు వేళ్ళతో పట్టుకుని నీళ్ళలో వేలు ముంచి ఒక చుక్క వేసింది.

"ఇవి నీళ్ళు. నీళ్ళయితే నీళ్ళని చెప్పు."

సారాలో వేలు ముంచి ఒక చుక్క వేసింది.

"ఇది సారా. సారా అయితే సారా అని చెప్పు. ఎవరి మొహమూ చూడకు. నువ్వింక చుట్టానివి కావు, మా దానివి. అమా డొకువా, విన్నావా?"

చిగురు ముడుచుకుంది. అప్పటిదాకా ఎవరికి వారి ఇంటి ఆకులా కనిపించిన ఆకు అందరికీ ఒకేలా కనిపించింది. కోలగా, అంచు రంపంలా, నిజం చెప్పాలంటే పెద్ద అందంగా ఏమీ లేదు. ఒఫేబియా రేకు మీద పేరు రాసింది. మిగిలిన సారా పెద్దవాళ్ళు తలా ఒక గుక్క పుచ్చుకున్నారు.

ఒబువోబికి ట్రిప్పు వేళవుతోంది. అలవాటు చొప్పున వంగి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, వ్యాను వైపు నడుస్తూ నమిలాడు.

నాలుగడుగులు పోయాడో లేదో, కుడికాలు పట్టుకుని బురదలో కూలబడ్డాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడాదిగా ఆ కాలు అతనికి చెప్పకుండా దాచిందంతా ఒక్కసారి చెప్పింది. మేకు గుచ్చుకున్న నొప్పి కూడా అందులో ఉంది.

"ఇదేం చేసిందే చెల్లీ, నా కాలుని ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు అన్నయ్యా. ఎలా ఉందో చెప్పింది."

పెద్దమ్మ వచ్చి కట్టు విప్పి చూసింది. వాసన చూసింది. "రెండు వేళ్ళు పోతాయి. ఇంకో వారం నాన్చితే కాలు. ఆ పైన ఇంకేం మిగలదు."

"కాస్త మెల్లిగా చెప్పకూడదా పెద్దమ్మా," అన్నాడు ఏడుపు మధ్యనే ఒబువోబి. "అచ్చం ఆ మొక్కలా ఉన్నావు."

"అదే నాలా ఉంది. దాని పేరు ఎవరిదనుకున్నావు?"

నొప్పి లేని కాలుతో అతన్ని ఎవరూ కదిలించలేకపోయారు. నొప్పి ఉన్న కాలుతో తనే లేపమని చేతులు చాచాడు. డైరెక్టరుగారి కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ మిషన్‌లో చుక్క పెడితే అంకె ఎంత వచ్చిందంటే, నర్సు మిషను పాడైందనుకుని ఇంకోటి తెచ్చింది. అదీ అంతే చెప్పింది. చిటికెన వేలు, దాని పక్క వేలు తీశారు. కాలు నిలిచింది. సూది అటక దిగింది.

ఇక్కడ కేంద్రంలో, ఒక్క పూటలో అన్నీ తలకిందులయ్యాయి. ఎలుకల చక్కెర పైకి పోయింది. విషం విషంలాగే ఉంది. కేప్ కోస్ట్ అమ్మాయి రెండు రోజులు ఏడ్చి, మూడోరోజు వేరే ఆకు కోసుకొచ్చింది. బడి జట్టు గోల్లోకి ఒకే ఆటలో ఏడు బంతులు పోయాయి. డైరెక్టరుగారి అట్టపెట్టెల్లో లార్బి ఎలుక పిల్లల్ని పెంచుతున్నాడు. ఒఫేబియా తను అచ్చు వేయించిన ఫలితాలు తప్పని తనే నాలుగు దేశాలకీ తెలియజేసింది. ఆ రోజుల్లో కొందరు ఆమెని చూసి తల తిప్పుకున్నారు. ఆమెకి సిగ్గేసింది గాని, నిద్ర మాత్రం పట్టింది.

తర్వాత మొదటినుంచి మొదలుపెట్టింది. నీళ్ళలో ఒక వాటా, స్పిరిట్‌లో ఒక వాటా. ఈసారి దాన్ని ఇది చేస్తావా, అది చేస్తావా అని అడగలేదు. నువ్వేం చేస్తావని మాత్రం అడిగింది. జ్వరానికి కాదంది. చక్కెరకి కాదంది. దగ్గుకి, పుండుకి, జుట్టుకి కాదంది. ఒక్కొక్క కాదూ వింటుంటే ఆమెకి హాయిగా ఉండేది. కాదనడం వచ్చినవాళ్ళు అవునంటే దానికో విలువ ఉంటుంది.

అది ఏ రోగాన్నీ కుదర్చదు. నమిలినవాడికి ఎక్కడ నొప్పి ఉందో అక్కడ తెలుస్తుంది, అంతే. మొద్దుబారిన కాళ్ళు పలుకుతాయి. ఊళ్ళో చక్కెర ఉన్నవాళ్ళు ఆదివారం గుడి అయ్యాక వరసలో వచ్చి ఒక్కో ఆకు నములుతారు. కొందరు ఊరికే పోతారు. కొందరు కుంటుకుంటూ నేరుగా ఆసుపత్రికి పోతారు, కాళ్ళు దక్కించుకుని వస్తారు. పెద్దమ్మ ఒకసారి నమిలి, ఎక్కడని చెప్పను, అన్నిచోట్లా ఉంది అంది. డైరెక్టరుగారు ఇంతవరకు నమలలేదు.

ఒఫేబియా కూడా నమలలేదు. ఎందరికో పెట్టిందే గాని తన నోట్లో ఎప్పుడూ వేసుకోలేదు. ఒక పొద్దున ఆకులు కోస్తూ, చూద్దామని ఒకటి నమిలింది. తల నొప్పి లేదు. నడుము, మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. ఊపిరి పీల్చుకునేలోగా కుడికాలి చివర పట్టేసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు. చెప్పు విప్పి చూసింది. గీత కూడా లేదు. వేళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి. నొప్పికి మాత్రం కాలవ గట్టునే కూర్చుండిపోయింది. అది ఏ నొప్పో తెలిసి, కూర్చుని ఏడ్చింది.

ఆకులు అక్కడే వదిలి కుంటుకుంటూ బస్టాండుకి వెళ్ళింది. ముందువైపు గుడ్డ కుక్కిన కొత్త బూటు వేసుకుని ఒబువోబి వ్యాను అద్దం తుడుస్తున్నాడు.

"ఏమైందే? ఆ నడకేంటి?"

ఆమె చెప్పింది. ఏ వేళ్ళో చూపించింది.

ఒబువోబి గుడ్డ భుజాన వేసుకుని వంగి ఆ కాలు చూశాడు. "నావే. నీ దగ్గరికి వచ్చాయన్నమాట."

"ముందే గట్టిగా చెప్పి ఉంటే పోయేవి కాదు అన్నయ్యా."

"చెప్తే వినేవాణ్ణా?" అని, ఆమె చెయ్యి పట్టుకుని ముందు సీటు ఎక్కించాడు. "ఉంచుకో చెల్లీ. నా దగ్గరున్నప్పుడు వాటికి నొప్పి తెలిసేదే కాదు."

జనం నిండారు. అతను వ్యాను తీశాడు. మొదటి మలుపు దిగువన మేకలు అడ్డం వస్తే కుడికాలు బ్రేకు మీద వేశాడు. వ్యాను ఆగింది.